పాపకి హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేయించమన్నారు, గ్రూపులో ఖమ్మం మెసేజ్ తిరుగుతోంది. ఇందులో నిజమెంత, పుకారెంత?

మధురవాడ_అమ్మ:

నమస్తే అందరికీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా పాపకి పోయిన నెల పదమూడేళ్ళు నిండాయి. జ్వరమొస్తే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. తగ్గాక ఒకసారి తీసుకొచ్చి హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేయించండి, హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడుతుంది, ఈ వయసులో అయితే బాగా పనిచేస్తుంది అన్నారావిడ. బయట పది మంది పేషెంట్లు కూర్చుని ఉన్నారు, ఇంకేం అడుగుతాం, సరేనని వచ్చేశాను.

అదే వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడింది. ఈ సూది వేస్తే ఆడపిల్లలకి పిల్లలు పుట్టరట, ఖమ్మంలో ఏడుగురు అమ్మాయిలు చనిపోతే దాచేశారట, జపాన్‌లో బ్యాన్ చేసి మన దేశంలో అమ్ముతున్నారట. కింద షరా మామూలే, మీ ఆడపిల్లల్ని కాపాడుకోండి, పది మందికి పంపండి అని. ఇలాంటివి రోజుకి నాలుగు వస్తాయి, చూసి వదిలేస్తాను. కానీ ఖమ్మం సంగతి మా మరిదికి గుర్తుందట, "అవునొదినా, అప్పట్లో పేపర్లో వచ్చింది, నేనే చదివాను" అన్నాడు. ఇక మా అత్తయ్య పట్టు పట్టేశారు, రేపు పెళ్ళి కావలసిన పిల్ల, ఎందుకొచ్చిన గొడవ అని. మా ఆయన అటూ కాదు, ఇటూ కాదు, ఇంకో ఏడాది ఆగుదామంటారు.

డాక్టర్లని గుడ్డిగా నమ్మండి అని గానీ, అంతా కంపెనీల కుట్ర అని గానీ చెప్పకండి ప్లీజ్, ఆ రెండూ ఇంట్లోనే వింటున్నాను. నాకు కావలసింది ఒక్కటే. ఏది పుకారు, ఏది నిజంగా పట్టించుకోవలసిన విషయం అని మనలాంటి వాళ్ళం ఎలా తెలుసుకోవాలి?

ఫార్మకాలజీ_మాస్టారు:

నేను ఇక్కడే వైజాగ్‌లో ఒక కాలేజీలో ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం, చెప్తాను. డాక్టర్ని కాను, మీ పాపకి వేయించాలా వద్దా అన్నది మీ డాక్టర్ చెప్పాలి. మెసేజ్ సంగతి మాత్రం నేను చెప్పగలను.

ఆ మెసేజ్ రాసినవాడు ఎవడో గానీ తెలివైనవాడండీ. మొత్తం అబద్ధమైతే మీ మరిది కూడా నవ్వి వదిలేసేవాడు. ఖమ్మం నిజంగా జరిగింది కాబట్టే మీ ఇంట్లో పని చేసింది.

2009లో పాత్ అనే అమెరికన్ సంస్థ, మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి ఈ వ్యాక్సిన్ వేశాయి. ఖమ్మంలోనే దాదాపు 14 వేల మంది. వాళ్ళలో చాలామంది హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. ఆ తర్వాత రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. గొడవ పెద్దదై 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. విచారణ జరిగింది. చనిపోవడానికి కారణాలు చూస్తే పాము కాటు, నీళ్ళలో మునిగిపోవడం, పురుగుమందు తాగడం, మలేరియా, ఇలాంటివి. సూదికి సంబంధం లేదని విచారణ కమిటీ చెప్పింది.

ఇక్కడిదాకా చెప్పి ఆపేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, "చూశారా, అంతా పుకారే" అని. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఎందుకంటే అదే విచారణలో అసలు తప్పులూ బయటపడ్డాయి. తల్లిదండ్రుల అనుమతి తీసుకోవలసిన ఫారాల మీద రెండు వేలకు పైగా చోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఇంకా చాలా ఫారాల మీద వేలిముద్రలే ఉన్నాయి, అందులో ఏముందో వాళ్ళకి ఎవరైనా చదివి వినిపించారో లేదో తెలియదు. సూది తర్వాత ఎవరికైనా ఏమైనా అయితే నమోదు చేసే ఏర్పాటు సరిగ్గా లేదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం దీని మీద చాలా ఘాటుగా నివేదిక ఇచ్చింది.

అంటే ఒకే సంఘటనలో పుకారూ ఉంది, న్యాయమైన ఫిర్యాదూ ఉంది. "సూది చంపింది" అన్నది నిలబడలేదు. "అడక్కుండా వేశారు, వేశాక పట్టించుకోలేదు" అన్నది నిలబడింది. మెసేజ్‌లో మొదటిదే ఉంటుంది, ఎందుకంటే అనుమతి పత్రాల గురించి రాస్తే ఎవడూ పది మందికి పంపడు.

ఇక జపాన్. అక్కడ బ్యాన్ చేయలేదు. 2013 జూన్‌లో, వేయించుకున్న కొందరు అమ్మాయిలకి ఒళ్ళు నొప్పులు, కదలికల్లో ఇబ్బందులు వచ్చాయని వార్తలు రావడంతో, ప్రభుత్వం "వేయించుకోండి" అని ఇంటింటికీ చెప్పడం ఆపింది. కావాలన్నవాళ్ళకి అప్పుడూ ఉచితమే. కానీ జనం అర్థం చేసుకున్నది వేరు, వేయించుకునేవాళ్ళు 70 శాతం దాకా ఉన్నది ఒక్క శాతం లోపుకి పడిపోయింది. తర్వాత పరిశోధనల్లో, వేయించుకోని అమ్మాయిల్లోనూ అవే లక్షణాలు అలాగే కనిపిస్తున్నాయని తేలింది. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ సిఫారసు మొదలుపెట్టారు. మీ మెసేజ్ రాసినవాడి క్యాలెండర్ 2013 దగ్గరే ఆగిపోయింది.

పిల్లలు పుట్టరన్నదానికి ఆధారమే లేదు. అమెరికాలో దాదాపు రెండు లక్షల మంది అమ్మాయిల రికార్డులు తీసి, అండాశయాలు ముందుగానే పనిచేయడం ఆగిపోయే సమస్యకీ ఈ వ్యాక్సిన్‌కీ సంబంధం ఉందేమో చూశారు, కనిపించలేదు. ఆ మాటకొస్తే ఈ పిల్లలు పుట్టరన్న మాట పోలియో చుక్కల కాలం నుంచీ ప్రతి వ్యాక్సిన్ మీదా వేస్తున్నదే, పాత చొక్కాకి కొత్త బొత్తాలు.

భద్రాద్రి_టు_గాజువాక:

మాస్టారు చెప్పింది చదివాక రాయాలనిపించింది. మాది భద్రాచలం వైపు, పదేళ్ళుగా గాజువాకలో ఉంటున్నాను. మా చిన్నాన్న కూతురికి ఆ టైంలో హాస్టల్లో ఈ సూది వేశారు. దానికేమీ కాలేదు, ఇప్పుడు ఇద్దరు పిల్లలు, బాగానే ఉంది (పిల్లలు పుట్టరన్న వాళ్ళకి చెప్పండి). కానీ మా చిన్నాన్నకి సూది వేసిన సంగతి తెలిసింది సంక్రాంతికి పిల్ల ఇంటికొచ్చి చెప్తేనే. ఆయనకి చదువు రాదు, కానీ కూతురికి ఏ మందు ఎక్కిస్తున్నారో తెలుసుకునే హక్కు లేదా? మేం అడిగితే "మంచిదే కదా వేశాం" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

అందుకే జనం నమ్మరంటే నాకు ఆశ్చర్యం లేదు సార్. మా వైపు ఇప్పటికీ బండి మీద నర్సమ్మ వస్తే పిల్లల్ని చేలోకి పంపేసే ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళంతా వాట్సాప్ చూసి చెడిపోయారని మీ సిటీ వాళ్ళు అనుకుంటారు, వాళ్ళలో సగం మందికి వాట్సాపే లేదు. వాళ్ళ దగ్గరున్నది అనుభవం.

ఫార్మకాలజీ_మాస్టారు:

నిజమేనండీ, దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఒక్క విషయం మాత్రం చెప్పాలి, ఎక్కడా పెద్దగా రాదు ఇది. ఖమ్మం గొడవతో 2010లో దేశమంతా ఈ వ్యాక్సిన్ పరిశోధనలు ఆపేయమన్నారు. అప్పుడు వేరే ఒక పెద్ద అధ్యయనం కూడా నడుస్తోంది, రెండు డోసులు చాలా మూడు కావాలా అని తేల్చడానికి. అదీ మధ్యలో ఆగింది. దాంతో దాదాపు అయిదు వేల మంది అమ్మాయిలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. పరిశోధకులు వాళ్ళని వదిలేయకుండా పదేళ్ళు గమనిస్తూ వచ్చారు. చూస్తే ఒక్క డోసు వాళ్ళకీ రెండు మూడు డోసుల వాళ్ళతో సమానంగా రక్షణ ఉంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసైనా చాలని చెప్పడానికి ఉన్న ఆధారాల్లో ఇదొకటి. మీ చెల్లెలి లాంటి పిల్లల విషయంలో జరిగిన తప్పు మీద వచ్చిన ఫిర్యాదు వల్ల, అనుకోకుండా ప్రపంచమంతా ఇంత పెద్ద సంగతి తెలుసుకుంది. ఎవరూ ప్లాన్ చేసి చేసింది కాదు.

బీచ్‌రోడ్_బండి:

అంతా బాగానే ఉంది మాస్టారూ, మరి కోవిషీల్డ్ సంగతి? 2021లో "రక్తం గడ్డకడుతుందట" అంటే పుకార్లు పుట్టిస్తున్నారని మమ్మల్నే తిట్టారు. 2024లో కంపెనీయే కోర్టులో ఒప్పుకుంది. అంటే అప్పుడు పుకారు అన్నది ఇప్పుడు నిజమైంది. రేపు దీనికీ అలాగే అవ్వదని గ్యారంటీ ఏంటి? నేను రెండు డోసులు వేయించుకున్నా, ఆ వార్త వచ్చిన వారం నిద్రపట్టలేదు, గుండె దడ అంటే నేరుగా ఈసీజీ తీయించుకోవడానికి పోయాను. ఏమీ లేదన్నారు, గ్యాస్ అన్నారు.

ఫార్మకాలజీ_మాస్టారు:

మీ కోపం న్యాయమే, కాకపోతే తేదీలు చూద్దాం. ఆస్ట్రాజెనెకా వ్యాక్సిన్‌తో (మన కోవిషీల్డ్ అదే) ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం గడ్డకట్టే అరుదైన సమస్య ఉందని మొదట పట్టుకున్నది వాట్సాప్ కాదు, 2021 మార్చిలో యూరప్ డాక్టర్లు. ఏప్రిల్‌లోనే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఒప్పుకుంది, బ్రిటన్‌లో 30 ఏళ్ళ లోపు వాళ్ళకి వేరే వ్యాక్సిన్ ఇమ్మన్నారు, మేలో దాన్ని 40 ఏళ్ళ లోపుకి పెంచారు. మన దగ్గర కూడా 2021 మేలో కేంద్ర ఆరోగ్య శాఖ లెక్క చెప్పింది, పది లక్షల డోసులకి 0.61 కేసులు అని. అదే ప్రకటనలో బ్రిటన్‌లో పది లక్షలకి 4, జర్మనీలో 10 అని కూడా ఉంది.

ఇక్కడ సైన్స్ వైపు నుంచి అడగవలసిన ప్రశ్న ఒకటుంది, నేను అప్పుడూ అడిగాను. మన దగ్గర అంత తక్కువ ఎందుకు? మన శరీర తత్వమే వేరా, లేక మన ఊళ్ళలో తలనొప్పితో ఎవరైనా పోతే అది ఎవరి లెక్కలోకీ రాలేదా? దీన్ని నేను పుకారు అనను, ఇది అడగాల్సిన సందేహం. దాన్ని అడిగినవాళ్ళని కూడా తిట్టి నోరు మూయించారంటే అది తప్పే.

మరి 2024 ఏప్రిల్ చివర వచ్చిన వార్తలో కొత్తదేముంది? మూడేళ్ళ కిందటే తెలిసిన సంగతిని కంపెనీ కోర్టు కాగితంలో రాసింది. కానీ ఆ వారం గ్రూపుల్లో తిరిగింది వేరే, "వేయించుకున్న వాళ్ళందరికీ ఎప్పుడైనా రావచ్చు" అని. ఆ సమస్య వచ్చేది సూది పడిన మొదటి నాలుగైదు రోజుల నుంచి నాలుగు వారాల లోపు, మహా అయితే ఆరు వారాలు. 2021లో వేయించుకున్న మీకు 2024లో ఈసీజీ ఎందుకండీ? గుండె దడ ఆ వ్యాక్సిన్‌ది కాదు, ఆ మెసేజ్‌ది.

అందుకే మా స్టూడెంట్లకి చెప్తుంటాను, ఏదైనా వినగానే నమ్మాలా వద్దా అని ఆలోచించకండి, ఎంతమందిలో ఒకరికి, ఎన్ని రోజుల్లో, వేయించుకోని వాళ్ళలో ఎంతమందికి అని అడగండి. పుకారుకి ఈ మూడింట్లో ఒక్కదానికీ జవాబు ఉండదు.

రోటావైరస్ కథ వినండి. 1998లో అమెరికాలో రోటాషీల్డ్ అని పిల్లల విరేచనాల వ్యాక్సిన్ వచ్చింది. ఏడాది తిరక్కుండానే పేగు పేగులోకి దూరిపోయే జబ్బు కేసులు పదిహేను రిపోర్టు అయ్యాయి. లక్షల మందిలో పదిహేను. కానీ అవి ఆ వ్యాక్సిన్ చుక్కలు వేశాక కొద్ది రోజుల్లోనే గుత్తిగా వస్తున్నాయి, వేయించుకోని పిల్లల్లో ఆ వయసుకి అంత ఉండదు. వెంటనే ఆపారు, లెక్కలు కట్టారు, దాదాపు పది వేల మందిలో ఒకరికి అని తేలింది, 1999 అక్టోబరుకల్లా మార్కెట్ నుంచి తీసేశారు. ఆ తర్వాత వచ్చిన రెండు వ్యాక్సిన్లని ఒక్కోదాన్ని 60 వేలకు పైగా పిల్లల మీద పరీక్షించి గానీ అనుమతించలేదు. నిజమైన సమస్య అయితే ఇలా ఉంటుంది, ఎవరో ఒకరు లెక్క కడతారు, లెక్క కట్టేకొద్దీ అది గట్టిపడుతుంది. పుకారు రివర్స్, తవ్వేకొద్దీ పలచబడుతుంది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే టీకా) సూదితో ఆటిజం వస్తుందన్నది చూడండి, 1998లో పన్నెండు మంది పిల్లల మీద రాసిన పేపరు, 2010లో ఆ పత్రికే వెనక్కి తీసుకుంది, 2019లో డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లల్ని చూసినా ఏమీ కనపడలేదు. అయినా మా బంధువుల్లో ఒకాయన ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కూర్చోబెట్టి చెప్తాడు.

రిటైర్డ్_ఏఎన్ఎం_భీమిలి:

నేను ముప్పై ఏళ్ళు ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళలో టీకాలు వేసే నర్సుగా, చేసి రిటైరయ్యానమ్మా. మాస్టారిలా లెక్కలు నాకు రావు, చేతులతో చేసిన పని చెప్తాను.

ఆ రోటా చుక్కలు 2016లో మన ప్రభుత్వ టీకాల్లో పెట్టినప్పుడు దేశంలో మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి. మాకు ట్రైనింగులో ఈ పేగు జబ్బు గురించి చెప్పారు, బిడ్డ ఆగకుండా ఏడుస్తున్నా, దొడ్డికి రక్తం పడినా వెంటనే పెద్దాసుపత్రికి పంపాలని. నేను ఆ మాట తల్లులకి చెప్పేదాన్ని. మా తోటి ఆవిడ ఒకామె చెప్పొద్దనేది, భయపడి రారు అనేది. నేను చూసింది అయితే వేరే, ముందే చెప్పిన ఇళ్ళలో తర్వాత ఏదైనా చిన్న జ్వరం వస్తే నన్నే పిలిచేవాళ్ళు. చెప్పని ఇళ్ళలో ఊరినంతా పిలిచేవాళ్ళు.

నువ్వు అడిగావు కదమ్మా నిజంగా పట్టించుకోవలసింది ఏంటని. మందు కంటే మనుషుల చేతి పని చూసుకో. చలవ తప్పిన మందు పనిచేయదు. హుద్‌హుద్ తుపాను అప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, మందు పాడైందని అనుమానం వచ్చినవన్నీ పక్కన పెట్టేశాం, ఒక్క బిడ్డకి కూడా వేయలేదు. మీజిల్స్ (తట్టు) మందు పొడి రూపంలో వస్తుంది, దానికోసం ఇచ్చిన నీళ్ళే కలపాలి, కలిపాక నాలుగు గంటలు దాటితే పారేయాలి. ప్రభుత్వ మందు సీసాల మీద గుండ్రటి గుర్తు, లోపల చిన్న చదరం ఉంటాయి, ఆ చదరం తెల్లగా ఉంటే మంచిది, చుట్టూ ఉన్న రంగుకి సమానమైతే వాడకూడదు. నీ పాపకి ప్రైవేటులో వేయిస్తావు కాబట్టి ఆ గుర్తు ఉండకపోవచ్చు, పేరూ ఎక్స్‌పైరీ తేదీ చూపించమను, నీ ముందే కొత్త సిరంజి విప్పమను. అడిగితే ఏమీ అనుకోరు, అనుకుంటే అనుకోనీ.

ఇంకోటి, ఈ వయసు ఆడపిల్లలు సూది అంటే కళ్ళు తిరిగి పడిపోతారు. స్కూల్లో ఒకత్తి పడితే చూసి వరసగా ముగ్గురు పడతారు, బయట జనం విషం ఎక్కించారంటారు. అది భయంతో వచ్చేది. పిల్లని కూర్చోబెట్టి వేయించు, వేశాక అరగంట అక్కడే ఉండు.

ఫార్మకాలజీ_మాస్టారు:

మేడమ్, మీరు చెప్పిన నీళ్ళ సంగతికి ఒక ఊరు మూల్యం చెల్లించింది. ఊరు కాదు, దేశం. పసిఫిక్ సముద్రంలో సమోవా అని చిన్న ద్వీప దేశం. 2018 జులైలో అక్కడ ఇద్దరు పసిబిడ్డలు ఎంఎంఆర్ సూది వేసిన నిమిషాల్లో చనిపోయారు. నర్సులు నీళ్ళకి బదులు పొరపాటున కండరాలు పనిచేయకుండా చేసే మందు కలిపారు. పూర్తిగా నిజమైన ఘోరం, నర్సులకి జైలు శిక్ష కూడా పడింది. కానీ కారణం తేలేలోపు, తేలాక కూడా, "వ్యాక్సినే చంపింది" అన్న మాట నిలిచిపోయింది. టీకాలు నెలల తరబడి ఆపేశారు, తిరిగి మొదలుపెట్టినా జనం రాలేదు. 2019 చివర్లో తట్టు వచ్చి 83 మంది పోయారు, ఎక్కువమంది పసిపిల్లలే.

గోపాలపట్నం_కుర్రాడు:

నేను సైన్స్ కాదు, ఐటీఐ. కానీ 2020 మే 7 మాకు గుర్తుంది. తెల్లారుజామున వెంకటాపురంలో గ్యాస్ లీకైంది, అది నిజం, మనుషులు పోయారు, మా వీధిలో ఆవులు పడిపోయి ఉండటం కళ్ళారా చూశా. ఆ రాత్రి మళ్ళీ లీకైందని ఎవరో అన్నారు, అంతే, బండి ఉన్నవాళ్ళు బండి మీద, లేనివాళ్ళు నడిచి, అర్ధరాత్రి సగం ఊరు రోడ్డెక్కింది. అది ఎంత నిజమో ఎవరికీ తెలియదు, ఆగి అడిగే ధైర్యం ఎవరికుంది? పొద్దున మోసపోయినవాడికి రాత్రి పుకారు అని చెప్తే వింటాడా. నన్నడిగితే మళ్ళీ పరిగెడతా.

సో మేడమ్, మీ అత్తగారిని తిట్టకండి. కానీ పరిగెత్తేముందు పక్కనోణ్ణి అడగొచ్చు కదా, నీకెవరు చెప్పారు అని. మా గ్రూపులో నేనిప్పుడు అదే చేస్తున్నా, ఎవరైనా ఇలాంటివి పెడితే "ఎప్పటిది, ఏ ఊరు, నీకెవరు పంపారు" అని అడుగుతా. మామూలుగా జవాబు రాదు. ఒకసారి మాత్రం మా బాబాయి నన్ను గ్రూపులోంచి తీసేశాడు 😀

బీచ్‌రోడ్_బండి:

మాస్టారూ ఒక డౌటు, అమెరికా ప్రభుత్వ సైట్‌లోనే వ్యాక్సిన్ల వల్ల వేలకొద్దీ చావులు రిపోర్టయ్యాయని స్క్రీన్‌షాట్లు తిరుగుతాయి, అది కూడా అబద్ధమేనా? సైట్ ఒరిజినలే, నేను ఓపెన్ చేసి చూశా.

ఫార్మకాలజీ_మాస్టారు:

సైట్ ఒరిజినలే. దాని పేరు వేయర్స్. అందులో ఎవరైనా రాయొచ్చు, సూది తర్వాత జరిగింది ఏదైనా రాయొచ్చు, సూది వల్లే జరిగిందని రుజువు అక్కర్లేదు. ఒక అమెరికన్ డాక్టర్ కావాలనే "వ్యాక్సిన్ వేయించుకుని నేను పచ్చటి రాక్షసుడిలా మారిపోయాను" అని రాస్తే దాన్నీ తీసుకున్నారు, తర్వాత ఆయనకే ఫోన్ చేసి అడిగి తీసేశారు. అంటే అది పోలీస్ స్టేషన్లో ఫిర్యాదుల పుస్తకం లాంటిది, కోర్టు తీర్పుల పుస్తకం కాదు. కానీ ఆ పుస్తకం పనికిరానిదని అనకండి, రోటాషీల్డ్ కేసులు బయటపడింది అందులోంచే.

మన దగ్గరా అలాంటిది ఉంది, జనానికి తెలియదు. ఏ మందు వల్లైనా, టీకా వల్లైనా తేడా చేసిందనిపిస్తే 1800-180-3024 కి ఫోన్ చేసి చెప్పొచ్చు, టోల్ ఫ్రీ. టీకా విషయమైతే వేసిన సెంటర్లో చెప్పినా వాళ్ళు జిల్లాకి పంపాలి, పెద్ద సమస్యలని చూడటానికి జిల్లాకో కమిటీ ఉంటుంది. గ్రూపులో పెడితే భయం పెరుగుతుంది, అక్కడ చెప్తే లెక్క పెరుగుతుంది.

మధురవాడ_అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్. రెండు రోజులు లేటుగా రాస్తున్నాను. మీ జవాబులన్నీ మా ఆయనకి చదివి వినిపించాను, ఖమ్మం దగ్గర మా మరిది కూడా వచ్చి కూర్చున్నాడు. "నేను చదివింది నిజమే కదా" అన్నాడు, నిజమే, సగం చదివావు అన్నాను.

నిన్న మళ్ళీ డాక్టర్ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళి, ఈసారి చీటీ మీద రాసుకుని అడిగాను. ఆవిడ నిజంగా ఓపిగ్గా చెప్పారు. చెయ్యి నొప్పి, వాపు, ఒకటి రెండు రోజులు జ్వరం మామూలేనట, తీవ్రమైన అలర్జీ లక్షల్లో ఒకరికి వచ్చే అవకాశం ఉంది, అందుకే కూర్చోబెడతామన్నారు. పాపకి ఈస్ట్ (బ్రెడ్ పొంగడానికి వేసేది) అలర్జీ ఏమైనా ఉందా అని అడిగారు, లేదు. ఈ సూది అన్ని రకాల హెచ్‌పీవీ వైరస్‌ల మీదా పనిచేయదు కాబట్టి పెద్దయ్యాక ఈ క్యాన్సర్ పరీక్షలు మానకూడదన్నారు. ఎన్నేళ్ళు పనిచేస్తుందంటే పదేళ్ళకు పైగా చూసిన వాళ్ళలో తగ్గలేదు, జీవితాంతం అని ఇప్పుడే రాసివ్వలేను అన్నారు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది, ఎందుకో. స్వీడన్‌లో 17 ఏళ్ళ లోపు వేయించుకున్న వాళ్ళలో ఈ క్యాన్సర్ 88 శాతం తగ్గిందని కూడా చెప్పారు, మన దేశంలో ఏటా 80 వేల మంది దాకా ఆడవాళ్ళు దీంతోనే పోతున్నారట. ఆ మాట ఇంట్లో చెప్తుంటే మా అత్తయ్య అప్పటిదాకా మాట్లాడనివారు, వాళ్ళ అక్క అలాగే పోయిందని చెప్పారు. ముప్పై ఏళ్ళ నుంచి ఆ ఇంట్లో కోడల్ని కాకపోయినా పదిహేనేళ్ళ నుంచైతే ఉన్నాను, ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

పాపని కూడా కూర్చోబెట్టి చెప్పాను, ఏం సూది, ఎందుకు, ఏమవ్వచ్చు అని. గాజువాక అన్నయ్య రాసింది చదివాక, దానికి చెప్పకుండా తీసుకెళ్ళడం తప్పనిపించింది. అదేం అడిగిందో తెలుసా, నొప్పి పుడుతుందా, వేశాక ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తావా అని. శనివారం పొద్దున పదింటికి టైం ఇచ్చారు.

రిటైర్డ్_ఏఎన్ఎం_భీమిలి:

మంచిది తల్లీ. ఖాళీ కడుపుతో తీసుకెళ్ళకు, రెండు ఇడ్లీలైనా పెట్టి తీసుకెళ్ళు. కార్డు మీద మందు పేరు, బ్యాచ్ నంబరు, తేదీ రాయించుకుని దాచు. బీచ్‌కి ఎండలో వద్దు, సాయంత్రం తీసుకెళ్ళు.